పాత కారుకి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: పాయింట్లు తీసే ముందు చూసుకోవాల్సినవి

మీది 1970ల నాటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్‌లకి స్పార్క్‌ని వరసగా పంచే భాగం) ఇప్పటికీ పాయింట్లే, అంటే కాయిల్ కరెంటును తెంచే పాతకాలపు స్విచ్చే, ఉన్నాయి. తరచూ గ్యాప్ సర్దుకోవాల్సి వస్తోంది, ఇంజన్ బాగా వేడెక్కాక మిస్సింగ్ వస్తోంది. ఎలక్ట్రానిక్ కిట్ పెడితే ఈ బాధ పోతుందా, కాయిల్ కూడా మార్చాలా, పవర్, మైలేజీ పెరుగుతాయా అని అడిగారు.

పెట్టుకోండి. నేను చాలా ఏళ్లుగా పాత బళ్లకి ఈ కిట్లు బిగిస్తున్నాను, నా సొంత బండికీ అదే ఉంది. అయితే కిట్ చేతికి రాగానే పాయింట్లు ఊడదీయొద్దు. ఈ కిట్ మార్చేది డిస్ట్రిబ్యూటర్‌లోని ఒక్క స్విచ్‌ని మాత్రమే. మిగతా అరుగుదల అంతా అలాగే ఉంటుంది. "కిట్ పెట్టినా బండి మారలేదు" అని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది బళ్లలో తప్పు కిట్‌ది కాదు, దాని చుట్టూ ఉన్న సామానుది.

ఆ స్విచ్ ఏం చేస్తుందో ముందు చూద్దాం. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ బ్యాటరీ నుంచి కాయిల్ ప్రైమరీలోకి (మొదటి తీగచుట్టలోకి) కరెంటు పారుతుంది, కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం నిండుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీది క్యామ్ తిరిగి, దాని ముక్కు పాయింట్లను విడదీయగానే కరెంటు ఆగి, ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. అప్పుడు సెకండరీలో (రెండో తీగచుట్టలో) పుట్టే వేల వోల్టులే ప్లగ్ దగ్గర స్పార్క్. అదే క్షణంలో ప్రైమరీ వైపు కూడా వందల వోల్టులు ఎగదన్నుతాయి. కండెన్సర్ దాన్ని మింగకపోతే పాయింట్ల మధ్యే మంట లేస్తుంది, ప్లగ్‌కి పోవాల్సిన శక్తి అక్కడే ఖర్చయిపోతుంది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ పద్ధతి 1910లో క్యాడిలాక్ కార్లలో వచ్చింది. ఆరు దశాబ్దాలకు పైగా ఎన్నో పెట్రోల్ కార్లు దీనిమీదే నడిచాయి. అమెరికాలో క్రైస్లర్ 1973 మోడల్ నుంచి, జనరల్ మోటార్స్ 1975 నుంచి దాదాపు అన్ని కార్లకీ పాయింట్లు తీసేశాయి. అప్పటికి పొగ నిబంధనలు కఠినమయ్యాయి. ఒక్క సిలిండర్ మిస్ అయినా కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోతుంది, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకోసారి సర్దుకోవాల్సిన స్విచ్‌ని నమ్ముకుని కంపెనీలు ఆ నిబంధనలు పాటించలేకపోయాయి.

పాయింట్లు రెండు రకాలుగా పాడవుతాయి. మొదటిది, కలిసే చోట కాలిపోవడం. ఒక పాయింట్ మీద గుంట, రెండోదాని మీద మొటిమ కనిపిస్తే కండెన్సర్ విలువ సరిపోవడం లేదనో, అది పాడైందనో అనుమానించాలి. రెండోది, క్యామ్‌కి రాసుకునే ఫైబర్ మడమ అరిగిపోవడం. ఇది కంటికి కనిపించదు. మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి పోతుంది. డ్వెల్, అంటే పాయింట్లు మూసి ఉండే కోణం, 1 డిగ్రీ పెరిగితే క్రాంక్ దగ్గర టైమింగ్ సుమారు 1 డిగ్రీ వెనకబడుతుంది. అంటే గ్యాప్ సర్దిన ప్రతిసారీ టైమింగ్ కూడా చూసుకోవాలి. చాలామంది గ్యాప్ ఒక్కటే సర్ది వదిలేస్తారు. మీరు కూడా అలాగే చేస్తుంటే, ఇప్పుడు పికప్ తగ్గినట్టు అనిపించడానికి సగం కారణం అక్కడే దొరకొచ్చు.

ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌లో రాసుకునేదీ లేదు, కాలేదీ లేదు. ఒకసారి టైమింగ్ పెడితే స్విచ్ వల్ల అది కదలదు. మీకు దక్కే అసలు లాభం ఇదే, ఇది నిజంగా పెద్ద లాభం. పైగా ఇప్పుడు దొరికే పాయింట్లు, కండెన్సర్ల నాణ్యత మీద నాకు నమ్మకం పోయింది. కొత్త కండెన్సర్ వేసిన కొన్ని గంటలకే వేడెక్కి చచ్చిపోవడం నా చేతుల్లోనే చాలాసార్లు జరిగింది. పాత రోజుల్లో ఒక కండెన్సర్ ఏళ్ల తరబడి నడిచేది. నేను కిట్ల వైపు మళ్లడానికి ఇది పెద్ద కారణం.

మీ బండిలో వేడెక్కాక వచ్చే మిస్సింగ్ సంగతి వేరే. దానికి పాయింట్లే కారణమని ఇప్పుడే తీర్మానించుకోకండి. వేడికి లొంగేవి మూడు ఉన్నాయి: కండెన్సర్, కాయిల్, పెట్రోల్ పైపు. కాయిల్ లోపలి ఇన్సులేషన్ బలహీనపడితే చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, అరగంట తర్వాత మొరాయిస్తుంది. పెట్రోల్ ఆవిరై పైపులో గాలి కట్టినా డ్రైవర్‌కి తెలిసే లక్షణం అదే. కిట్ పెడితే కండెన్సర్ తప్పు ఒక్కటే పోతుంది. కాబట్టి ముందు మంచి పాత కండెన్సర్ ఒకటి తాత్కాలికంగా వేసి నడపండి. తగ్గకపోతే, మిస్ అవుతున్న సమయంలోనే ఇంజన్ ఆపి, కాయిల్ మధ్య వైరును డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నుంచి పీకి, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని, ఇంజన్ ఇనుముకి 6 మి.మీ. దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, గట్టిగా చిటపటలాడే స్పార్క్ దూకితే కాయిల్, స్విచ్ బాగున్నట్టే, పెట్రోల్ వైపు వెతకండి. పసుపుగా, నీరసంగా ఉంటే కాయిల్‌నో, కండెన్సర్‌నో అనుమానించండి. చేతితో మాత్రం ఎప్పుడూ పట్టుకోవద్దు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దగ్గరగా కూడా రాకూడదు.

ఇక డిస్ట్రిబ్యూటర్. క్యాప్, దాని కింద తిరిగే రోటర్ తీసి, షాఫ్ట్‌ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ పక్కకి కదపండి. టకటకమని ఆట తెలిస్తే బుష్ అరిగింది. షాఫ్ట్ ఊగుతుంటే పాయింట్ల గ్యాప్ ఒక్కో క్యామ్ ముక్కు దగ్గర ఒక్కోలా ఉంటుంది, ఒక్కో సిలిండర్‌కి స్పార్క్ ఒక్కో సమయంలో పడుతుంది. ఎలక్ట్రానిక్ కిట్ దీన్ని కొంత ఓర్చుకుంటుంది గానీ మాన్పలేదు. డ్వెల్ మీటర్ ఉంటే ఇంకా తేలిక: ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర ఒకసారి చూడండి. తేడా 3 డిగ్రీలు దాటితే బుష్ పని ముందు చేయించండి. బుష్ కొట్టించడం లేత్ ఉన్న ఏ మెకానిక్‌కైనా పెద్ద పని కాదు.

తర్వాత రోటర్‌ని, అది మామూలుగా తిరిగే దిక్కులో కొద్దిగా తిప్పి వదలండి. స్ప్రింగ్ లాగినట్టు వెనక్కి రావాలి. రాకుండా మధ్యలోనే నిలిచిపోతే లోపలి అడ్వాన్స్ బరువులు తుప్పు పట్టి బిగుసుకున్నాయని అర్థం. చాలా డిస్ట్రిబ్యూటర్లలో రోటర్ కింద షాఫ్ట్ పైన చిన్న గుంట ఉంటుంది. అక్కడ రెండు చుక్కల పల్చటి నూనె వేయాలి. ఏళ్లుగా ఎవరూ వేయని చోటు అది. బరువులు బిగుసుకుంటే ఎంత గొప్ప కిట్ పెట్టినా రోడ్డు మీద స్పీడ్ ఎక్కదు, ఎందుకంటే వేగంతో పాటు టైమింగ్ ముందుకు జరగదు. వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుతో టైమింగ్‌ని ముందుకు జరిపే డబ్బా) ఉంటే, దాని పైపును కార్బురేటర్ దగ్గర పీకి నోటితో గాలి పీల్చి, నాలుకతో మూసి పట్టుకోండి. లోపలి ప్లేటు కదిలి అలాగే నిలబడాలి. వెంటనే వెనక్కి వస్తే లోపలి డయాఫ్రమ్ చిరిగింది. చిరిగిన డయాఫ్రమ్‌తో బండి నడుస్తుంది, కానీ నెమ్మదిగా సాఫీగా పోయేటప్పుడు పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. మైలేజీ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను: మీ బండిలో ఇది చిరిగి ఉంటే, దీన్ని మార్చితే వచ్చే తేడా కిట్ వల్ల వచ్చే తేడా కన్నా ఎక్కువ ఉంటుంది.

క్యాప్ లోపల సన్నటి నల్ల గీతల్లాంటి కార్బన్ దారులు, మధ్యలో ఉండే కార్బన్ బ్రష్, రోటర్ చివర చూడండి. రోటర్ మీద ఇంకో మాట. ఇత్తడి రేకును రివెట్‌తో బిగించిన చవక రోటర్లలో ఆ రివెట్ అడుగు షాఫ్ట్‌కి మరీ దగ్గరగా ఉంటుంది. స్పార్క్ ప్లగ్‌కి పోకుండా రోటర్ పొట్టలోంచి షాఫ్ట్‌కి దూకేస్తుంది. గట్టి కాయిల్ పెట్టినకొద్దీ ఇది ఎక్కువవుతుంది. కిట్ పెట్టాక కొత్తగా మిస్సింగ్ మొదలైందంటే నేను ముందు చూసేది రోటర్‌నే. రివెట్ లేని మంచి రోటర్ ఒకటి కిట్‌తో పాటే కొనండి.

ఇవన్నీ అయ్యాక కిట్ ఎంపిక. ఎక్కువగా దొరికేవి హాల్ ఎఫెక్ట్ రకం: క్యామ్ మీద చిన్న అయస్కాంతాలున్న ఉంగరం, పాయింట్ల చోట ఒక మాడ్యూల్. అయస్కాంతం ఎదుటికి వచ్చినప్పుడు మాడ్యూల్ కాయిల్ కరెంటును తెంచుతుంది. పెర్‌ట్రానిక్స్ వాళ్ల ఇగ్నైటర్ ఈ రకమే. ఇవి మొత్తం క్యాప్ లోపలే ఇమిడిపోతాయి, బయటికి రెండే వైర్లు వస్తాయి. ల్యుమెనిషన్ వాళ్ల కిట్లు కాంతితో పని చేస్తాయి. కిరణానికి అడ్డంగా కోతలున్న రేకు తిరుగుతుంది, పవర్ బాక్స్ బయట వేరేగా ఉంటుంది. బాక్స్‌ని ఇంజన్ వేడికి దూరంగా బిగించుకోవచ్చు కాబట్టి వేడి ప్రాంతాల్లో నడిచే బళ్లకి ఈ పద్ధతి నాకు ఇష్టం. మూడోది, డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్నే మార్చేయడం. 123 ఇగ్నిషన్ లాంటి వాటిలో బరువులు, స్ప్రింగులు ఉండవు, అడ్వాన్స్ అంతా లోపలి చిప్ లెక్క వేస్తుంది. మీ డిస్ట్రిబ్యూటర్ బుష్ పోయి, బరువులు అరిగి, సామాన్లు దొరకని స్థితిలో ఉంటే దీనికే డబ్బు పెట్టడం మేలు.

పెద్దగా ఎవరూ చెప్పని దారి ఇంకొకటుంది. పాయింట్లను అలాగే ఉంచి, కాయిల్ కరెంటును మాత్రం ట్రాన్సిస్టర్‌తో నడిపించడం. పాయింట్ల మీద చిన్న సిగ్నల్ కరెంటే ఉంటుంది కాబట్టి అవి కాలవు, మడమ అరుగుదల ఒక్కటే మిగులుతుంది. బాక్స్ పాడైతే రెండు వైర్లు మార్చి పాత పద్ధతికి తిరిగి రావచ్చు. దూర ప్రయాణాలు చేసేవాళ్లకి ఇది మంచి మధ్యేమార్గం. సీడీఐ (కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్) మాత్రం మీకు అక్కర్లేదు. అది కండెన్సర్‌లో 300 నుంచి 400 వోల్టులు నింపి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతుంది. స్పార్క్ చాలా వేగంగా లేస్తుంది కానీ చాలా తక్కువ సేపు ఉంటుంది. ప్లగ్ నూనెతో తడిసిపోయే టూ స్ట్రోక్ ఇంజన్లకి అది వరం. మామూలు కారులో, కాస్త పల్చటి మిశ్రమం మీద సాఫీగా నడవాలంటే ఎక్కువ సేపు నిలిచే స్పార్కే నయం.

కాయిల్ మార్చాలా అనే ప్రశ్నకి జవాబు మీ దగ్గరున్న మల్టీమీటర్ చెబుతుంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు, కొంచెం నిదానంగా చదవండి. పాత కార్లలో రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి, 3 ఓమ్‌ల కాయిల్‌కి నేరుగా 12 వోల్టులు. రెండోది, సుమారు 1.5 ఓమ్‌ల కాయిల్, దానికి ముందు వరసలో ఇంకో 1.5 ఓమ్‌ల బ్యాలస్ట్ రెసిస్టర్. రెండో ఏర్పాటులో, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ పడిపోతుంది కాబట్టి ఆ సమయంలో మాత్రం బ్యాలస్ట్‌ని తప్పించి కాయిల్‌కి నేరుగా కరెంటు ఇస్తారు. చలిలోనూ టక్కున స్టార్ట్ అవడానికి చేసిన తెలివైన ఏర్పాటు అది. బ్యాలస్ట్ కొన్ని బళ్లలో తెల్లటి పింగాణీ దిమ్మలా కనిపిస్తుంది. కొన్నింట్లో వైరింగ్ కట్టలోనే రెసిస్టెన్స్ వైర్ రూపంలో దాక్కుని ఉంటుంది, చూస్తే మామూలు వైరులాగే ఉంటుంది.

అందుకే కళ్లతో వెతకొద్దు, కొలవండి. కీ ఆన్ చేసి, పాయింట్లు మూసి ఉన్న స్థితిలో కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజ్ చూడండి. దాదాపు 12 ఉంటే బ్యాలస్ట్ లేదు. 6 నుంచి 9 మధ్య ఉంటే ఉంది. పాయింట్లు తెరుచుకుని ఉంటే కరెంటు పారదు, అప్పుడు బ్యాలస్ట్ ఉన్నా మీటర్ 12 చూపిస్తుంది. ఈ ఒక్క పొరపాటు వల్ల తప్పు కాయిల్ కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. తర్వాత కీ ఆపి, కాయిల్ రెండు వైర్లూ తీసి, ప్లస్, మైనస్ మధ్య ఓమ్‌లు కొలవండి. మీటర్ పిన్నులు రెండూ ఒకదానికొకటి తాకించి వచ్చే రీడింగ్‌ని అందులోంచి తీసేయండి. ఇంత చిన్న విలువల్లో అది కూడా తేడా చేస్తుంది.

ప్రతి కిట్ కాగితంలోనూ కాయిల్‌కి ఉండాల్సిన కనీస ఓమ్‌లు రాసి ఉంటుంది. నాలుగు సిలిండర్లకి మామూలుగా 3 అడుగుతారు. 1.5 ఓమ్‌ల కాయిల్‌కి బ్యాలస్ట్ లేకుండా నేరుగా 12 వోల్టులు ఇస్తే, కరెంటు 4 ఆంపియర్లకి బదులు 8 దాకా ఎక్కుతుంది. మాడ్యూల్ లోపలి ట్రాన్సిస్టర్ కొంతసేపు భరిస్తుంది, ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వేడిలో కన్నుమూస్తుంది. మీ కాయిల్ 3 ఓమ్‌లదై, మంచి స్థితిలో ఉంటే మార్చక్కర్లేదు. బ్యాలస్ట్ ఉన్న బండి అయితే రెండు దారులు: బ్యాలస్ట్‌నీ, కాయిల్‌నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి మాడ్యూల్‌కి మాత్రం బ్యాలస్ట్‌కి ముందు నుంచి 12 వోల్టులు ఇవ్వడం, లేదా బ్యాలస్ట్ తీసేసి 3 ఓమ్‌ల కాయిల్ పెట్టడం. నేను మొదటిదే చేస్తాను. స్టార్టింగ్‌కి బ్యాలస్ట్ చేసే మేలు పోగొట్టుకోవడం ఎందుకు?

"స్పోర్ట్స్ కాయిల్" అని పేరు చూసి కొనడం గురించి ఒక లెక్క చెబుతాను. నాలుగు సిలిండర్ల ఇంజన్ 6000 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకి 200 స్పార్కులు వేయాలి. ఒక్కో స్పార్క్‌కి 5 మిల్లీసెకన్లు. అందులో పాయింట్లు మూసి ఉండేది మూడింట రెండొంతులు, అంటే 3.3 మిల్లీసెకన్లు. కాయిల్ నిండడానికి దొరికే సమయం అంతే. నాలుగు సిలిండర్లకి అది చాలు. ఎనిమిది సిలిండర్లయితే స్పార్కులు సెకనుకి 400 అవుతాయి, నిండే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. గట్టి కాయిల్ అవసరం నిజంగా అక్కడ కనిపిస్తుంది. మీ కారులో మామూలు కాయిల్ మంచిదైతే, ఖరీదైనది పెట్టినా రోడ్డు మీద మీకు తేడా తెలియదు.

వైరింగ్‌లో రెండు విషయాలు గట్టిగా చూడాలి. మాడ్యూల్ ఎర్ర వైరు ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే పూర్తి 12 వోల్టులకి, నల్ల వైరు కాయిల్ మైనస్‌కి. చాలా కిట్లలో ఇంతే, అయినా మీ కాగితం ఏం చెబితే అదే చేయండి. నలభై, యాభై ఏళ్ల ఇగ్నిషన్ స్విచ్‌లో, ఫ్యూజ్ పెట్టెలో, కనెక్టర్లలో తుప్పు వల్ల వోల్టేజ్ పడిపోతుంది. కీ ఆన్ చేసి, కరెంటు పారుతున్న స్థితిలో బ్యాటరీ ప్లస్‌కీ, బ్యాలస్ట్‌కి ముందున్న వైరుకీ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే కనెక్షన్లు తీసి రుద్దండి. పాయింట్లకి అది పెద్ద లెక్క కాదు, అవి నీరసమైన బ్యాటరీతో కూడా ఏదోలా పని చేస్తాయి. మాడ్యూల్ అలా సర్దుకోదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ ఒక హద్దు కంటే కిందికి పడితే కొన్ని మాడ్యూళ్లు అసలు స్పార్కే ఇవ్వవు. తోసి స్టార్ట్ చేస్తే అందుకుని, సెల్ఫ్‌తో అందుకోకపోతే ముందు బ్యాటరీని, దాని వైర్లను చూడండి. రెండోది ఎర్త్. డిస్ట్రిబ్యూటర్ లోపల కదిలే ప్లేటు నుంచి బాడీకి అల్లికలాంటి సన్నని వైరు ఉంటుంది. అది తెగితే ప్లేటు బేరింగ్ గుండా, నూనె గుండా ఎర్త్ వస్తూ పోతూ ఉంటుంది. మాడ్యూల్ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. తెగి ఉంటే మెత్తటి వైరుతో కొత్తది వేయండి.

మీ కారు 1970ల నాటిది కాబట్టి నెగెటివ్ ఎర్త్ అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి పోతోందో కళ్లారా చూడండి. అంతకు ముందరి బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది. వాటికి వేరే కిట్ కావాలి. తిరగేసి కలిపితే ఒక్క క్షణంలో మాడ్యూల్ పోతుంది. డాష్‌బోర్డులో ఎలక్ట్రిక్ ఆర్‌పీఎమ్ మీటర్ ఉంటే దాన్ని కూడా గమనించండి. పాతవాటిలో కొన్ని, ఇగ్నిషన్ వైరు మీటర్ వెనక ఒక చుట్టులా పోతే దాంట్లో పారే కరెంటును పసిగట్టి పని చేస్తాయి. అలాంటివి కిట్ పెట్టాక ఊగిసలాడొచ్చు. అప్పుడు మాడ్యూల్ ఎర్ర వైరును ఆ చుట్టుకి ముందు నుంచి వేరుగా తీసుకోండి, మీటర్ గుండా కాయిల్ కరెంటు ఒక్కటే పోవాలి.

ప్లగ్ వైర్లు రాగి తీగవైతే మార్చేయండి. వాటినుంచి వచ్చే రేడియో గోల మాడ్యూల్‌ని తికమక పెడుతుంది. కార్బన్ వైర్లు గానీ, రెసిస్టెన్స్ ఉన్న స్పైరల్ వైర్లు గానీ వేయాలి. ప్లగ్ గ్యాప్‌ని మాత్రం తొందరపడి పెంచొద్దు. పాత కాయిల్‌తోనే నడుపుతుంటే కంపెనీ చెప్పిన 0.6 మి.మీ. అటూ ఇటూ ఉన్న గ్యాప్‌నే ఉంచండి. గట్టి కాయిల్ వేస్తే 0.8 వరకు పెంచి చూడొచ్చు.

బిగించడం అరగంట పని. ముందు ఇంజన్‌ని ఒకటో సిలిండర్ టైమింగ్ గుర్తుకి తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ బాడీకీ ఇంజన్‌కీ మధ్య ఒక గీత గీసుకోండి. పాయింట్లు, కండెన్సర్ తీసి, ప్లేటు మీది నూనె, మట్టి గుడ్డతో తుడవండి. అయస్కాంతపు ఉంగరం క్యామ్ మీద చివరిదాకా దిగాలి. పూర్తిగా దిగకపోతే రోటర్ పైకి లేచి, క్యాప్ లోపలి టెర్మినళ్లకి తగిలి విరుగుతుంది. రోటర్ పెట్టి, క్యాప్ చేతితో ఆనించి, ఎక్కడైనా పట్టేస్తోందేమో ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి. ఉంగరానికీ మాడ్యూల్‌కీ మధ్య దూరాన్ని కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ ముక్కతో సర్దండి. ఇనుప ఫీలర్ గేజ్ వాడితే అయస్కాంతం లాగేసుకుంటుంది, కొలత తప్పుతుంది. మాడ్యూల్ కింద పూసే తెల్లటి పేస్టు ఇస్తే తప్పకుండా పూయండి, వేడి ప్లేటులోకి దిగడానికే దాన్ని ఇచ్చారు. వ్యాక్యూమ్ ప్లేటు కదులుతుంది కాబట్టి వైర్లను లోపల కొద్దిగా వదులుగా ఉంచాలి. అలాగని తిరిగే షాఫ్ట్‌కి తగలకూడదు.

ఇంతకుముందు టెస్ట్ ల్యాంపుతో ఇంజన్ ఆపి టైమింగ్ పెట్టేవారైతే, ఇప్పుడు స్ట్రోబ్ లైట్ (స్పార్క్ పడిన ప్రతిసారీ మెరిసే టైమింగ్ లైటు) కావాలి. కిట్ పెట్టగానే టైమింగ్ పాత చోటు నుంచి కొన్ని డిగ్రీలు తప్పకుండా జరుగుతుంది. గీత కలిపి ఉంచాం కదా అని వదిలేయకండి. వ్యాక్యూమ్ పైపు పీకి, దాని చివర మూసి, ఐడ్లింగ్‌లో కంపెనీ చెప్పిన డిగ్రీలకి పెట్టండి. తర్వాత నెమ్మదిగా రేస్ ఇస్తూ గుర్తు ముందుకు జరుగుతోందా, ఎక్కడైనా ఆగి గెంతుతోందా చూడండి. స్ట్రోబ్ వెలుగులో గుర్తు ఒకేచోట నిశ్చలంగా నిలబడితే అప్పుడు తెలుస్తుంది ఈ కిట్ విలువ. పాయింట్లతో అదే గుర్తు ఒకటి రెండు డిగ్రీలు వణుకుతూ ఉంటుంది. చివరగా ఎత్తు ఎక్కేటప్పుడు, టాప్ గేర్‌లో తక్కువ వేగం నుంచి లాగేటప్పుడు చెవి పెట్టండి. గోళీలు రాలినట్టు చప్పుడు వస్తే 2 డిగ్రీలు వెనక్కి తీయండి. పాత మాన్యువల్‌లోని అంకెలు అప్పటి పెట్రోల్‌కి రాసినవి.

పవర్ విషయం నేరుగా చెబుతాను. పాయింట్లు సరిగ్గా సర్ది ఉన్న, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో కిట్ పెడితే గరిష్ఠ పవర్ పెరగదు. మైలేజీ కూడా అంతే. మీకు తేడా తెలిసేది ఉదయం మొదటి సెల్ఫ్‌కే అందుకోవడంలో, నిలకడైన ఐడ్లింగ్‌లో, ఆరు నెలల తర్వాత కూడా బండి మొదటి రోజులాగే నడవడంలో. మీ పాయింట్లు ఇప్పుడు చెడిపోయి ఉంటే మైలేజీ కొంత తిరిగి రావచ్చు. అది కొత్తగా వచ్చిన మైలేజీ కాదు, మీరు ఇన్నాళ్లూ పోగొట్టుకుంటున్నది.

కిట్ పెట్టాక ఒక అలవాటు మార్చుకోవాలి. ఇంజన్ నడవకుండా కీ ఆన్‌లో వదలకూడదు. నా మొదటి కిట్ అలాగే పోయింది. వైరింగ్‌లో ఏదో వెతుకుతూ పావుగంట పాటు కీ ఆన్‌లోనే ఉంచాను. ఆ సమయంలో మాడ్యూల్ కాయిల్‌కి కరెంటు ఇచ్చే స్థితిలో ఆగి ఉంది. కాయిల్ ముట్టుకుంటే చెయ్యి కాలింది, మాడ్యూల్ అప్పటికే చచ్చిపోయింది. పాయింట్లకీ ఈ ప్రమాదం ఉంది గానీ అవి తెరుచుకున్న స్థితిలో ఆగితే బతికిపోతాయి. ఈ రోజుల్లో కొన్ని మాడ్యూళ్లు కొన్ని సెకన్ల తర్వాత వాటంతటవే కరెంటు ఆపేస్తాయి. దొరికితే అలాంటిదే కొనండి. పాటలు వినడానికి రేడియో వైరును ఇగ్నిషన్ మీద కాకుండా యాక్సెసరీ మీద పెట్టించండి. వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ తీసేయండి. నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్ వైర్లు పీకి ఏ సిలిండర్ మిస్ అవుతోందో చూసే పాత పద్ధతి కూడా మానేయాలి. స్పార్క్‌కి దారి లేకపోతే ఆ వోల్టేజ్ మాడ్యూల్ మీదికి తిరిగి కొడుతుంది.

తీసిన పాయింట్లు, కండెన్సర్, వాటి స్క్రూలు ఒక డబ్బాలో పెట్టి బండిలోనే ఉంచండి. ఫీలర్ గేజ్, చిన్న స్క్రూ డ్రైవర్, ఒక టెస్ట్ ల్యాంపు కూడా. పాయింట్లు ముందు హెచ్చరిస్తాయి, మొరాయిస్తూ అయినా ఇల్లు చేరుస్తాయి. మాడ్యూల్ చాలావరకు హెచ్చరిక లేకుండా ఆగుతుంది, దాన్ని రోడ్డు పక్కన బాగుచేయలేం. దారిలో ఆగిపోతే టెస్ట్ ల్యాంపు ఒక కొసను బ్యాటరీ ప్లస్‌కి, రెండోది కాయిల్ మైనస్‌కి పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. ల్యాంపు మినుకుమినుకుమంటే మాడ్యూల్ పని చేస్తోంది, తప్పు కాయిల్‌లోనో, రోటర్‌లోనో, పెట్రోల్‌లోనో ఉంది. వెలగకుండా అలాగే ఉన్నా, వెలిగి ఆరకుండా ఉన్నా, ముందు మాడ్యూల్‌కి 12 వోల్టులు అందుతున్నాయో లేదో చూడండి. అందుతుంటే పాయింట్లు తిరిగి బిగించండి. ఇంట్లో ఒకసారి చేసి చూసుకుంటే రోడ్డు మీద పావుగంట పని, టెన్షన్ ఉండదు.

కిట్ ఆర్డర్ పెట్టే ముందు నాలుగు రీడింగులు తీసి ఇక్కడే రాయండి: పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజ్, కాయిల్ ప్రైమరీ ఓమ్‌లు, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్, ఐడ్లింగ్‌కీ 2500 ఆర్‌పీఎమ్‌కీ మధ్య డ్వెల్ తేడా. డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద చెక్కి ఉన్న మోడల్ నంబరు కూడా కావాలి. ఒకే కారు మోడల్‌కి ఏడాదిని బట్టి వేర్వేరు డిస్ట్రిబ్యూటర్లు వచ్చాయి, ఉంగరం సైజు దాన్ని బట్టే ఉంటుంది. అవి చూస్తే మీకు ఏ రకం కిట్ సరిపోతుందో, కాయిల్ ఉంచాలో మార్చాలో చెబుతాను.